కాంక్రీట్ ఆర్ట్, దృశ్య కవిత్వం: దీన్నే వృత్తిగా పెట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఒక పత్రికలో పేజీలు కడుతున్నారు. తీరిక వేళల్లో అక్షరాలతో సొంత పనులు చేస్తున్నారు, అంటే అక్షరాలను పేజీ మీద బొమ్మలా అమర్చి ఆ అమరికతోనే అర్థం చెప్పే దృశ్య కవిత్వం. కవితల పత్రికకు పంపితే "ఇది బొమ్మ కదండీ" అంటున్నారు, గ్యాలరీ వాళ్లకు చూపిస్తే "ఇది కవిత్వం, మేం తీసుకోం" అంటున్నారు. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగాలా, ముందు కళాశాలలో చేరాలా, అసలు దీన్ని నమ్ముకుని ఎవరైనా జీవితం వెళ్లదీశారా అని అడిగారు. మీరు చేసిన మూడు పనుల గురించీ రాశారు: వాలుగా జారే అక్షరాల "వాన", ఒకే అక్షరాన్ని గళ్లలో పేర్చిన వరుస చిత్రాలు, విప్పుతున్న కొద్దీ మాట తరిగిపోయే మడత కాగితం. వాటి దగ్గరికి చివర్లో వస్తాను.

వృత్తిగా పెట్టుకోవచ్చు. ఉద్యోగం మాత్రం మానకండి. గ్యాలరీ తలుపు తెరుచుకునేదాకా ఆగకండి కూడా. ఈ కళలో పేరు తెచ్చుకున్నవాళ్లలో చాలామంది గ్యాలరీ గోడల మీద నుంచి పైకి రాలేదు. చిన్న పత్రిక, పోస్టు కార్డు, మడత కాగితం, పలచటి పుస్తకం, ఇలా చేతులు మారే అచ్చు ప్రతుల ద్వారా వచ్చారు. గోడ తర్వాత వచ్చింది, కొందరికైతే ముసలితనంలో వచ్చింది. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు "కవితా, బొమ్మా" అనే గొడవ. ఇది మీ పనిలో లోపం వల్ల వచ్చింది కాదు, ఈ కళ పుట్టుకలోనే ఉంది. "కాంక్రీట్" అనే మాటను చిత్రకళకు ఖాయం చేసింది డచ్ చిత్రకారుడు థియో వాన్ డూస్‌బర్గ్, 1930లో, పారిస్‌లో. గీత, రంగు, తలం ఇవే అసలు వస్తువులు, చిత్రం బయటి దేన్నీ చూపించనక్కర్లేదు అన్నది ఆయన బృందం వాదం. దాన్ని స్విట్జర్లాండ్‌లో చిత్రకారుడు, డిజైనర్ మాక్స్ బిల్ ముందుకు తీసుకెళ్లాడు. బొలీవియాలో పుట్టి స్విట్జర్లాండ్‌లో పెరిగిన కవి ఓయిగెన్ గోమ్రింగర్ ఆ చిత్రాలు చూసి, మాటను కూడా అలాగే వాడొచ్చు కదా అనుకున్నాడు. 1953లో తన "కాన్‌స్టెలేషన్స్" అనే కవితల పుస్తకం అచ్చు వేశాడు, 1954లో జర్మనీలోని ఉల్మ్ డిజైన్ పాఠశాలలో మాక్స్ బిల్‌కే కార్యదర్శిగా చేరాడు. అదే కాలంలో, ఇతని సంగతేమీ తెలియకుండానే, బ్రెజిల్‌లోని సావో పాలోలో హరోల్డో డి కాంపోస్, అగుస్తో డి కాంపోస్, డేసియో పిన్యతారి కలిసి 1952లో "నోయ్‌గాండ్రెస్" అనే పత్రిక మొదలుపెట్టారు. 1955లో పిన్యతారి ఉల్మ్‌కు వచ్చినప్పుడు గోమ్రింగర్‌ను కలిశాడు. సముద్రానికి రెండు ఒడ్డుల్లోనూ ఒకే పని జరుగుతోందని అప్పుడు తెలిసింది. 1956 డిసెంబరులో సావో పాలో ఆధునిక కళా మ్యూజియంలో జరిగిన జాతీయ కాంక్రీట్ కళా ప్రదర్శనలో చిత్రాలూ కవితలూ ఒకే చోట వేలాడాయి. కాబట్టి చిత్రకారుడు, కవి అని రెండు పేర్లలో ఒకదాన్ని ఎంచుకోవాలని మీరు ఇబ్బంది పడనక్కర్లేదు. పరిచయ వాక్యంలో "అక్షరంతో పనిచేస్తాను" అని రాయండి, చాలు.

వాళ్లు మొదట చేసిన పనేమిటో గమనించండి. ఎవరూ ఒప్పుకోనప్పుడు వేదిక వాళ్లే కట్టుకున్నారు. గోమ్రింగర్ 1953లో బెర్న్‌లో మార్సెల్ విస్, డీటర్ రోత్‌లతో కలిసి "స్పిరాలె" పత్రిక తెచ్చాడు. స్కాట్లండ్‌లో ఇయన్ హామిల్టన్ ఫిన్లే 1962 నుంచి 1967 దాకా "పూర్. ఓల్డ్. టైర్డ్. హార్స్." అనే చిన్న పత్రిక 25 సంచికలు నడిపాడు. జర్మనీలో హన్స్‌యోర్గ్ మాయర్ 1965 నుంచి 1968 వరకు "ఫ్యూచురా" పేరుతో 26 సంచికలు వేశాడు. ఒక్కో సంచికా ఒక్క షీటు, దాన్నే మడత పెట్టి పంపేవాడు. అన్నిటికీ ఒకటే ఫాంటు, ఒకటే షీటు సైజు. అంత చిన్న వస్తువు దేశాలు దాటి వెళ్లింది. కవరులో పట్టేది, పోస్టులో వెళ్లేది, అందుకున్నవాడు దాచుకోగలిగేది కావడమే దాని బలం.

ఇక తిండి సంగతి. పనులు అమ్ముకునే బతికినవాళ్లు ఈ రంగంలో బహు తక్కువ, ఆ మాట దాచను. గోమ్రింగర్ ప్రకటనల రంగంలో పనిచేశాడు, తర్వాత రోజెంతాల్ పింగాణీ సంస్థలో సాంస్కృతిక వ్యవహారాలు చూశాడు, ఆపైన డ్యూసెల్డార్ఫ్ కళా అకాడమీలో సౌందర్యశాస్త్రం చెప్పాడు. పిన్యతారి ప్రకటనలు రాశాడు, పాఠాలు చెప్పాడు. 1957లో ఒక కూల్‌డ్రింక్ ప్రకటనలోని మాటలనే తిరగేసి, విరగ్గొట్టి, ఆ ప్రకటన మీదే తిరగబడే కవిత చేశాడంటే ఆ ఉద్యోగం నేర్పిన కన్ను అందులో ఉంది. అగుస్తో డి కాంపోస్ న్యాయవాది. మాక్స్ బిల్ కట్టడాలు, కుర్చీలు, యుంగ్‌హాన్స్ కంపెనీకి గడియారాలు డిజైన్ చేశాడు. జ్యూరిక్ కాంక్రీట్ చిత్రకారిణి వెరేనా లోవెన్స్‌బర్గ్ సంగీత రికార్డుల దుకాణం నడిపింది. వీళ్లెవరూ ఉద్యోగాన్ని కళకు శత్రువుగా చూడలేదు.

ఈ వరుసలో నాకు అందరికన్నా ఎక్కువ చెప్పాలనిపించేది రూత్ వోల్ఫ్-రేఫెల్ట్ గురించి. 1932లో పుట్టింది. తూర్పు బెర్లిన్‌లో ఆఫీసు ఉద్యోగం. టైపు కొట్టడం ఆమెకు రోజువారీ పని. 1970ల మొదట్లో అదే టైపు మిషన్ మీద చిత్రాలు కట్టడం మొదలుపెట్టింది. టైపు మిషన్‌లో ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు. అంటే కాగితం పెట్టగానే కంటికి కనపడని గళ్లు తయారైపోతాయి. ఆమె ఆ గళ్లనే నేలగా తీసుకుంది. అక్షరాలు, కామాలు, కుండలీకరణాలు, చిన్న గీతలు వరసగా కొట్టుకుంటూ పోతే అలలు, పెట్టెలు, పంజరాల్లాంటి రూపాలు వచ్చాయి. దగ్గరికి వెళ్తే మాట, దూరం నుంచి చూస్తే కట్టడం. కార్బన్ పెట్టి ప్రతులు తీసేది. సర్కారు అనుమతి లేకుండా అచ్చు వెయ్యడమే కష్టమైన దేశంలో, భర్త రాబర్ట్ రేఫెల్ట్‌తో కలిసి ఆ ప్రతులను పోస్టులో ప్రపంచమంతా పంపింది. దేశం దాటి తను వెళ్లలేకపోయినా పని వెళ్లింది. రెండు జర్మనీలు కలిశాక 1990 ప్రాంతంలో ఆమె ఇక చెయ్యడం మానేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆమె పేరు పెద్దగా ఎవరూ ఎత్తలేదు. 2017లో కాసెల్‌లో డాక్యుమెంటా 14 అనే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆ కాగితాలు గోడెక్కాయి. అప్పటికి ఆమెకు 85. 2022లో బెర్లిన్ నగరం ఇచ్చే హన్నా హోక్ పురస్కారం వచ్చింది, 2024లో కన్నుమూసింది.

ఆలస్యంగానైనా ఆ గుర్తింపు ఎలా సాధ్యమైందో చూడండి. ప్రతులు పదిమంది చేతుల్లో ఉన్నాయి. ఆమె ఇంట్లో కాగితాలు పద్ధతిగా ఉన్నాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా 2017లో గోడకు తగిలించడానికి ఏమీ మిగిలేది కాదు.

మీ ఉద్యోగం దీనికి సరిగ్గా అతికే ఉద్యోగం. పొద్దస్తమానం కాలమ్ వెడల్పు, లైన్ల మధ్య ఎడం, హెడ్డింగు సైజు చూసే కన్ను మీకు ఉంది. కళాశాలలో దాన్ని నేర్పించడానికే రెండేళ్లు పడుతుంది. డిగ్రీ విషయంలో నా అభిప్రాయం అదే: పాఠాలు చెప్పే ఉద్యోగం కావాలనుకుంటే చేరండి, పని నేర్చుకోవడానికైతే అవసరం లేదు.

ఇప్పుడు పని గురించి. అసలు సారమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిలబడి మాట్లాడతాను.

సంకలనాలకు పనులు ఎంచే చోట కూర్చున్నప్పుడు నా ముందుకు ఎక్కువగా వచ్చేది ఒకటే రకం: "చెట్టు" అనే మాటతో నింపిన చెట్టు బొమ్మ, "చేప" అనే మాటతో నింపిన చేప. వీటిని నేను పక్కన పెట్టేస్తాను. బొమ్మ చెప్పేసింది మళ్లీ మాట చెప్తోంది, మాట చెప్పింది బొమ్మ చెప్తోంది. చదివేవాడికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పద్యంలోని అక్షరాలను తామర, కత్తి ఆకారాల్లో అమర్చే మన పద్మబంధాలూ ఖడ్గబంధాలూ ఇంతకన్నా చాలా కఠినమైనవి. అక్కడ ఆకారం కోసం అక్షరం ఎక్కడ పడాలో ఛందస్సుతో సహా లెక్క ఉంటుంది, ఒకే అక్షరం రెండు మూడు పాదాలకు పనికొస్తుంది. ఆ బిగువు లేకుండా ఆకారం మాత్రం తీసుకుంటే మిగిలేది అలంకారమే.

ఆకారం పెట్టకూడదని నేను అనడం లేదు. అమెరికన్ కవి మేరీ ఎలెన్ సాల్ట్ 1966 నాటి "ఫ్లవర్స్ ఇన్ కాంక్రీట్"లో ఫోర్సిథియా అనే పసుపు పూల పొద ఉంది. కింద ఆ పేరులోని అక్షరాలు వరసగా ఉంటాయి. ఒక్కో అక్షరం నుంచి ఒక్కో కొమ్మ పైకి లేస్తుంది. కొమ్మల్లో అక్షరాల నడుమ ఉన్న చుక్కలూ గీతలూ ఆ అక్షరానికే టెలిగ్రాఫులో వాడే మోర్స్ సంకేతం. మొదళ్ల దగ్గర ఉన్న మాటల్లో టెలిగ్రామ్ అనే మాట కూడా ఉంది. వసంతం తంతి కొట్టినట్టు పొద మొత్తం ఒక వార్తగా మారిపోతుంది. ఇక్కడ ఆకారం తీసేస్తే కవిత లేదు, మాట తీసేసినా లేదు. మీ పనిని ఈ పరీక్షకు పెట్టండి.

గోమ్రింగర్ కవితల్లో అందరికీ తెలిసింది మౌనం మీద రాసింది. జర్మన్‌లో మౌనం అనే అర్థం ఉన్న ఒకే మాట వరుసకు మూడు చొప్పున ఐదు వరుసలు. మూడో వరుసలో నడిమి చోటు మాత్రం ఖాళీ. అంటే మాట పద్నాలుగుసార్లే ఉంది. మౌనం అని పద్నాలుగుసార్లు అన్నప్పుడు మౌనం లేదు, అనకుండా వదిలిన చోట ఉంది. దీన్ని మీరు మీ కంప్యూటర్ మీద ఒకసారి కట్టి చూడండి. నడిమి ఖాళీ వెడల్పు సరిగ్గా ఆ మాట వెడల్పంత ఉండాలి. అడ్డంగా మాటకూ మాటకూ ఉన్న ఎడం, నిలువుగా వరుసకూ వరుసకూ ఉన్న ఎడం కంటికి సమానంగా తూగాలి. వరుసల మధ్య ఎడం ఎక్కువైతే ఐదు విడి లైన్లుగా కనిపిస్తాయి, ఖాళీ ఒక పొరపాటులా అనిపిస్తుంది. తక్కువైతే ముద్ద అయిపోతుంది, ఖాళీ ఒక చిల్లులా కనిపిస్తుంది. రెండింటి మధ్య ఒక చోట అది మౌనంగా మారుతుంది. దాన్ని పట్టుకోవడమే ఈ కళలో నైపుణ్యం. ప్రింటు తీసి గోడకు అంటించి నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చూడాలి, స్క్రీన్ మీద ఇది దొరకదు.

తెలుగులో చేసేవారికి ఇంకో సంగతి. లాటిన్ లిపికి పనికొచ్చిన గళ్ల పద్ధతిని తెచ్చి మన లిపి మీద రుద్దితే లిపి ఒప్పుకోదు. మన అక్షరాలకు వెడల్పులు వేరువేరు. ఒత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది, కొమ్ము పక్కకు పోతుంది. ఒత్తులున్న మాటను వరుసలుగా పేరిస్తే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టును తాకుతుంది. చాలామంది ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి ఒత్తుల్లేని మాటలే ఎంచుకుంటారు. నేనైతే ఆ తాకిడినే పని చేసుకోమంటాను. కింది వరుసలోకి దిగే ఒత్తు రెండు వరుసలను కుట్టేస్తుంది. ఇంకా చూడండి: ల, బ, ట, జ అక్షరాలకు తలకట్టు లేదు. క, న, మ, వ, స అక్షరాలకు ఉంది. పేజీ నిండా బ పేర్చి ఎక్కడో ఒక చోట క పెట్టండి. ఆ ఒక్క తలకట్టు మీదే కన్ను నిలబడుతుంది. సున్న ఒక నిండు వృత్తం, ఏ అక్షరానికీ అంటుకోకుండా విడిగా నిలబడగలదు. ఇలాంటి వాటిని నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. పదేళ్ల పనికి సరిపడా సరుకు మీ లిపిలోనే ఉంది, దాన్ని తవ్వినవాళ్లు తక్కువ.

వరుసగా చెయ్యడం అలవాటు చేసుకోండి. ఒక్కో పని ఒక్కో ఆలోచనగా విడివిడిగా ఉంటే చూసేవారికి మీరెవరో తెలియదు. మాక్స్ బిల్ 1938లో ఒకే సూత్రం మీద పదిహేను రూపాంతరాలు గీసి పారిస్‌లో అచ్చు వేయించాడు. సూత్రం ఒకటే, ఫలితాలు పదిహేను. ఒకే నియమం పెట్టుకుని అది ఖాళీ అయ్యేదాకా తిప్పడం కాంక్రీట్ ఆర్ట్ మనకు నేర్పిన క్రమశిక్షణ. పదిహేను చేసి ఏడు ఉంచుకుని మిగతావి పక్కన పెట్టండి. ఆ ఏడూ కలిస్తే ఒక చిన్న పుస్తకం.

సాధనం కూడా నియమమే. బ్రిటన్‌లో ప్రింక్‌నాష్ మఠంలో బెనెడిక్టైన్ సన్యాసిగా ఉన్న డోమ్ సిల్వెస్టర్ హ్వేదార్ ఒలివెట్టి లెటెరా 22 అనే చిన్న టైపు మిషన్ మీద కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, రంగు రిబ్బన్లు మార్చి గాలిలో తేలే మెట్లూ పలకలూ కట్టాడు. అగుస్తో డి కాంపోస్ 1953లో రంగుల కవితలు చేసినప్పుడు రంగు అచ్చుకు దారి లేక రంగు కార్బన్ కాగితాలతో టైపు చేశాడు. ఒక్కో రంగు ఒక్కో గొంతు. కంప్యూటర్‌లో అన్నీ వీలవుతాయి కాబట్టే ఏదో ఒకటి కాదనుకోవాలి. ఒక ఫాంటు, ఒక సైజు, నలుపు. ఏడాదిపాటు ఇంతే పెట్టుకోమని సలహా ఇస్తాను.

ప్రతి చేసేటప్పుడు పాటించాల్సినవి కొన్ని. మొదటి ప్రతిగా ఒకే షీటు, ఒకటో రెండో మడతలు, ఒకే రంగు చాలు. కాగితం ఎంపిక మీద మాత్రం రాజీ పడకండి. వెనక నుంచి అక్షరం కనిపించే కాగితం మీద ఖాళీ చోటు ఖాళీగా ఉండదు. కాగితం పీచు దిశ మడతకు అడ్డంగా ఉంటే మడత దగ్గర పగుళ్లు వస్తాయి, కాబట్టి పీచు మడత వెంటే పోయేలా కోయించమని ప్రెస్సువాళ్లకు ముందే చెప్పండి. వెనక వైపు చిన్న అక్షరాల్లో పని పేరు, ఏడాది, ఫాంటు, కాగితం, ఎలా అచ్చయింది, ఎవరు వేశారు, ఎన్ని ప్రతులు, ఇవన్నీ ఉండాలి. ఈ నాలుగు లైన్లను బద్ధకించి వదిలేసిన పనులు రేపు ఎవరివో తేలక పక్కకు పోతాయి. నెంబరు వేసి సంతకం పెట్టే ప్రతులు వేరుగా, ఊరికే పంచేవి వేరుగా ఉంచండి. "పరిమిత ప్రతులు" అని చెప్పి తర్వాత మళ్లీ వెయ్యడం చెయ్యకూడదు. ఒక్కసారి ఆ మాట పోతే కొనేవారు తిరిగి రారు.

పంపడం గురించి. పెద్ద పేర్లకు కాదు, ఇదే పని చేస్తున్న మీ వయసువాళ్లకు పంపండి. వాళ్లది అడిగి తెప్పించుకోండి. ఈ రంగం నడిచేది ఇచ్చిపుచ్చుకోవడం మీదే. నలుగురు దొరికాక పత్రిక మొదలుపెట్టండి, సంచికకు ఒక షీటు అయినా సరే. ఇతరుల పనిని శ్రద్ధగా వెయ్యడం మీ పనికి మీరు చేసుకోగల అతి పెద్ద మేలు. ఇటలీ కవి, కళాకారిణి మిరెల్లా బెంటివోలియో 1978లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో భాషతో పనిచేసే ఆడవాళ్ల పనులు మాత్రమే ఒక చోట చేర్చి ప్రదర్శించింది. మగవాళ్ల సంకలనాల్లో చోటు దొరకని ఎంతమందో అక్కడ కనిపించారు. ఈ రోజు ఆమె పేరు చెప్పగానే సొంత శిల్పాలతో పాటు ఆ ప్రదర్శన కూడా గుర్తొస్తుంది.

సోషల్ మీడియాలో పెట్టండి, తప్పు లేదు. కానీ అక్కడ పెట్టింది ప్రతి కాదు, ప్రతికి ప్రకటన.

కొన్నాళ్లకు గోడ పని వస్తుంది. ఏదో భవనం మీద, గ్రంథాలయంలో, తోటలో మీ అక్షరాలు కావాలంటారు. డబ్బు కనిపించేది ఎక్కువగా ఇక్కడే, చిక్కులూ ఇక్కడే. గోమ్రింగర్‌కు 2011లో బెర్లిన్‌లోని ఆలిస్ సాలొమన్ ఉన్నత విద్యాసంస్థ కవితా పురస్కారం ఇచ్చింది. వీధులు, పూలు, స్త్రీలు, ఒక ఆరాధకుడు అనే నాలుగే వస్తువులను అటూ ఇటూ కలిపే ఆయన స్పానిష్ కవితను తమ భవనం గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించింది. ఐదేళ్లకు విద్యార్థులు అభ్యంతరం చెప్పారు: స్త్రీని పూల పక్కన చూడదగ్గ వస్తువుగా నిలబెట్టారని. దేశమంతా వాదన జరిగింది. 2018లో దాన్ని తీసేసి జర్మన్ కవయిత్రి బార్బరా కోలర్ కవిత రాయించారు. ఎవరి పక్షం సరైనదన్నది ఇక్కడ మన విషయం కాదు. పుస్తకంలో ఉన్నప్పుడు ఇష్టమైనవాడు తెరిచి చదివే కవిత, గోడెక్కాక అటు వెళ్లే ప్రతి ఒక్కరి ముందూ రోజూ నిలబడుతుంది. దానికి తగ్గ మాటను ఎంచుకోవడం మీ బాధ్యత. ఒప్పందంలో ఎన్నేళ్లు ఉంచుతారు, రంగు వెలిస్తే ఎవరు వేయిస్తారు, తీసేసే ముందు మీకు ఎంత ముందుగా చెప్పాలి, ఫొటోల హక్కు ఎవరిది, ఇవి రాయించుకోండి. కవితకు ఒక మొత్తం, డ్రాయింగులకు ఒక మొత్తం, దగ్గరుండి చూసుకోవడానికి ఒక మొత్తం, మూడూ విడగొట్టి అడగండి. అన్నీ కలిపి ఒకే అంకె చెప్తే మొదట తగ్గించేది కవిత విలువే.

చేసే చేతులను కూడా గౌరవించాలి. ఫిన్లే రాళ్లు తను చెక్కలేదు. 1966లో పెంట్లండ్ కొండల దగ్గర స్టోనీపాత్ అనే చోట మొదలుపెట్టిన తోటే తర్వాత "లిటిల్ స్పార్టా" అయింది. అక్కడి రాళ్ల మీద, బెంచీల మీద, చెట్ల మొదళ్ల దగ్గర అక్షరాలన్నీ రాతి చెక్కుడువాళ్లూ చెక్క పనివాళ్లూ చేసినవే. ఏ పని ఎవరితో కలిసి చేశాడో వాళ్ల పేరు పక్కన వేసేవాడు. చిన్న పత్రికతో మొదలైన మనిషి 1985లో బ్రిటన్‌లో కళాకారులకు ఇచ్చే టర్నర్ బహుమతి తుది జాబితాలోకి వెళ్లాడు. ఆయన తోటలోని ఒక కట్టడం గుడా, గ్యాలరీనా అని పన్ను వేసే అధికారులతో 1983లో పెద్ద పోరాటమే నడిచింది. మీ "కవితా, బొమ్మా" గొడవ ఎంత దూరం వెళ్లగలదో దాన్ని బట్టి ఊహించుకోండి.

భద్రపరచడం గురించి ఇప్పటి నుంచే పట్టించుకోండి. ప్రతి ముద్రణలోనూ కొన్ని ప్రతులు అమ్మకుండా, పంచకుండా విడిగా బల్లపరుపు పెట్టెలో ఉంచండి. ఆమ్లం లేని కాగితంలో చుట్టండి, రబ్బరు బ్యాండ్లు, సెల్లో టేపు వద్దు. బిల్లు మిషన్ కాగితం మీద ఏదైనా చేసి ఉంటే వెంటనే స్కాన్ చెయ్యండి, అది వెలిసిపోతుంది. ఫైళ్ల విషయంలో తెలుగువాళ్లకు అదనపు బెడద ఉంది. అను ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో, కట్టింది ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో కట్టినా ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉన్న చోట ఒత్తు ఇంకో దాంట్లో ఉండదు. మామూలు వ్యాసంలో అది చిన్న తేడా. మీ పనిలో అదే పని. అందుకని అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఒకటి, మార్చక ముందు ఫైలు ఒకటి, వాడిన ఫాంటు ఫైలు, అచ్చయిన ప్రతి ఫొటో, ఈ నాలుగూ ఒకే ఫోల్డర్‌లో ఏడాదితో సహా పేరు పెట్టి ఉంచండి. ఉత్తరాలూ ఈమెయిళ్లూ కూడా దాచండి. మయామీలో రూత్, మార్విన్ సాక్నర్ దంపతులు 1979 నుంచి కాంక్రీట్, దృశ్య కవిత్వాన్ని సేకరించారు. ఆ సేకరణ 2019లో అయోవా విశ్వవిద్యాలయానికి చేరింది. అందులో పుస్తకాలు, చిత్రాలతో పాటు కవుల ఉత్తరాలూ ఉన్నాయి. మ్యూజియంలూ విశ్వవిద్యాలయాలూ అడిగేటప్పుడు ఒక చిత్రాన్ని కాదు, మొత్తం సామాను అడుగుతాయి.

ఫాంటు హక్కుల మాట ఒకటి. వాడుకునే లైసెన్సు అచ్చుకు ఇచ్చారా, అమ్మే ముద్రణలకు కూడా వర్తిస్తుందా చదువుకోండి. సొంతంగా గీసుకున్న అక్షరాలైతే ఈ తలనొప్పి లేదు.

ఇక మీ మూడు పనులు. "వాన"ను పక్కన పెట్టమంటాను. అక్షరాలు వాలుగా జారడం ఫ్రెంచి కవి అపోలినేర్ 1918లో "కాలిగ్రామ్స్"లో చేసేశాడు, చూసినవాళ్లందరికీ అదే గుర్తొస్తుంది. జపాన్ కవి సీయిచి నీకుని 1966లో అదే వస్తువును వేరే దారిలో పట్టుకున్నాడు. వాన అనే జపనీస్ అక్షరంలో నాలుగు చుక్కలు ఉంటాయి. పేజీ నిండా ఆ చుక్కలనే పరిచి, కింద ఒక్కచోట అక్షరాన్ని పూర్తిగా నిలబెట్టాడు. వాన అక్షరంలోంచే కురిసింది. మన లిపిలో దానికి దీటైనది దొరికిన రోజు మళ్లీ మొదలుపెట్టండి.

గళ్ల వరుసలో నియమం బాగుంది, కానీ మీరు పంపిన వివరణ ప్రకారం నాలుగో చిత్రం నుంచి నియమం మారుతోంది. మారితే ఎందుకు మారిందో చిత్రంలోనే తెలియాలి, లేకపోతే మొదటి మూడింటి దారిలోనే ఇంకో పది చేసి చూడండి.

మడత కాగితం మాత్రం వెంటనే అచ్చుకు ఇవ్వండి. విప్పడం అనే పని చదివేవాడి చేతికి ఇచ్చారు, అది స్క్రీన్ మీద జరిగేది కాదు, ఫ్రేములో పెట్టేది కాదు. ఒకటే సవరణ: చివరి మడతలో మీరు పెట్టిన పూర్తి వాక్యాన్ని తీసేయండి. మాట తరిగిపోయాక మళ్లీ మాటతో వివరిస్తున్నారు. ఆ మడత పలకను ఖాళీగా వదిలి డమ్మీ (నమూనా ప్రతి) ఒకటి చేసి, ఈ సంగతి తెలియని ఎవరికైనా ఇచ్చి, వాళ్లు ఖాళీ పలక దాకా వచ్చి వెనక్కి మడుస్తారో, తిరగేసి ఇంకేమైనా ఉందా అని వెతుకుతారో చూడండి. వెతికితే ముందు పలకలో ఒక అక్షరం ఎక్కువ మిగిలిందని అర్థం. వివరాలు రాసే నాలుగు లైన్లు ఆ వెనక వైపు కాకుండా బయటి కవరు లోపలి అంచు మీద వేయించండి.

అచ్చయ్యాక మడత కొలతలు, కాగితం బరువు ఇక్కడే రాయండి, పీచు దిశ సంగతి ప్రెస్సుకు ఇవ్వబోయే ముందే అడిగినా చెప్తాను.